నియమాలు తెలియని ఆట

1999లో వెలువడిన ‘టూంబ్ రైడర్: ది లాస్ట్ రెవెలేషన్’ అనే వీడియో క్రీడలో నాయిక లారా క్రాఫ్ట్ ఈజిప్టు శిథిలాలలో చిక్కుముడులు విప్పుకుంటూ, ఒక సమాధిలో సెనెట్ పలకను చేరుకుంటుంది. ఆడే విధానం తెలిపే పత్రం ఆమెకు లభిస్తుంది. అదృష్టవంతురాలు!

సెనెట్ కల్పితం కాదు. ముప్పై గళ్ళ ఈ పలకలు 1922లో బయల్పడిన టుటంఖామున్ సమాధిలోనూ దొరికాయి. మరణానంతర ప్రయాణానికి ఈజిప్షియనులు దీనిని ప్రతీకగా ఎంచారు. పణం సామాన్యమైనది కాదు. పలకలు మిగిలాయి, పావులు మిగిలాయి. సంపూర్ణ నియమావళి మాత్రం ఎక్కడా కానరాదు. అందరూ ఎరిగిన ఆటకు నియమాలు వ్రాసిపెట్టుకునే వారెవరు? నేటి విద్వాంసులు చెప్పే పద్ధతులు పరిశోధనతో కూడిన ఊహలే. తెరపై ఆటగాడు గెలిచేదీ నేటివారు కూర్చిన నియమాలతోనే.

నెఫెర్తారి రాణి సమాధి గోడపై, ఆమె సెనెట్ ఆడుతున్న చిత్రం ఉంది. ఎదుట ప్రత్యర్థి లేరు.