తూఫాన్‌కు పని కావాలె

"సిటీల కిరాయి రూముల ఉండి కుక్కను ఎట్ల సాదుతున్నరు? మేము గూడ తెచ్చుకోవచ్చా?" అని గ్రూపుల ఇద్దరు తమ్ముళ్ళు, ఒక చెల్లె అడిగిన్రు. ఒక్కొక్కరికి చెప్పుడు కంటే అందరికీ ఇక్కడనే రాస్తున్నం. జర పొడుగుంటది, ఓపికతోని చదవండి.

మేము ముగ్గురం. ఒకరిది ఉట్నూరు దిక్కు గూడెం, ఒకరిది భద్రాచలం దిక్కు, ఒకరిది దేవరకొండ దగ్గర తండా. చార్మినార్ నుంచి శాలిబండ పోయే తొవ్వల ఒక పాత ఇంటి మీద రెండు గదులల్ల ఉంటున్నం, ముందట డాబా ఉన్నది. తూఫాన్ మా దగ్గరికి వచ్చి ఆరు నెలలైంది. వచ్చేనాటికి వానికి ఏడాది వయసు. గోధుమ రంగు ఒళ్ళు, తెల్లటి పాదాలు. మన ఊర్లల్ల తిరిగే దేశీ కుక్కనే. బండి తగిలి కాలు విరిగి రోడ్డు పక్కన పడి ఉంటే పాతబస్తీలనే ఒక ఆపా ఇంటికి తీసుకపోయి, వైద్యం చేయించి, నాలుగు నెలలు సాదింది. సొంత ఇల్లు దొరికేదాక ఇట్ల కుక్కను తమ ఇంట్ల ఉంచుకునేటోళ్ళను ఫోస్టర్ అంటరు.

మొదటిసారి పోయినప్పుడు ఆపా ఒక మాట చెప్పింది. "చిన్న పిల్లలైతే అందరు ఎత్తుకపోతరు బేటా. ఏడాది దాటినోన్ని ఎవ్వరు అడుగరు. వీడు రెండు ఇండ్లకు పోయి వాపస్ వచ్చిండు." ఒక ఇంట్ల చెప్పులు కొరికిండట, ఇంకో ఇంట్ల పరుపు చింపిండట. మూడోసారి వాపస్ వస్తే వానికి మనుషుల మీద నమ్మకమే పోతదని ఆమె భయం. అందుకే మమ్మల్ని మూడు ప్రశ్నలు అడిగింది. పొద్దంత ఇంట్ల ఎవరుంటరు? ఇంటి ఓనర్ ఒప్పుకున్నడా? మీ చదువు అయిపోయినంక వీడు ఎక్కడికి పోతడు? జవాబులు తయారు చేసుకొని రమ్మని పంపింది. మూడు ఆదివారాలు పోయి వానితోని ఆడి, తిప్పుకొచ్చి, అప్పుడు తెచ్చుకున్నం. టీకాల కార్డు చేతికిచ్చింది. పిల్లలు పుట్టకుండ ఆపరేషన్ అప్పటికే చేయించింది.

మన ఊర్లల్ల కుక్కను ఎవ్వరు దత్తత తీసుకోరు, అది ఇంటితోని, ఊరితోని పెరుగుతది. మేకలెంబడి పోతది, చేనుకు పందులు రాకుండ మొరుగుతది, రాత్రి కొత్త మనిషి వస్తే చెప్తది. అలసిపోయి వచ్చి ఇంత గట్క తిని పండుకుంటది. దానికి తెల్లారి లేస్తే పని ఉన్నది. అదే కుక్కను తెచ్చి రెండు గదులల్ల పెడితే ఆ బలమంత ఎటు పోవాలె? చెప్పులు కొరుకుతది, పరుపు చింపుతది. అది పొగరు కాదు, పని లేకపోవుడు. మాకు తెలిసిన పెద్ద సంగతి ఇదే. మిగిలినయన్ని దీని ఎన్కనే వస్తయి.

అందుకే మేము వానికి పని పెట్టినం. పొద్దున అయిదుకు ఒకరు తప్పకుండ తీసుకపోవాలె. ఆ టైముకు లాడ్ బజార్ షట్టర్లు మూసే ఉంటయి, తోపుడు బండ్లు రావు. 1591లో కట్టిన చార్మినార్ చుట్టూ పావురాలు తప్ప ఎవ్వరుండరు. మొదట్ల పావురాలను చూస్తే మా చెయ్యి ఊడొచ్చేటట్టు గుంజేటోడు. లాగినప్పుడల్ల మేము ఆగి నిలబడ్డం. తాడు వదులైతేనే నడిచినం. నెల రోజులకు వానికి అర్థమైంది. ఫజర్ నమాజు అయ్యి జనం కదిలేసరికి ఇంటికి మళ్ళుతం. పగలు ఇంట్ల ఉన్నోళ్ళు జొన్నరొట్టె ముక్కలను పాత గుడ్డల మడతల్ల దాచిపెడితే ముక్కుతోని వెతుక్కుంటడు. పావుగంట వెతికితే పెద్ద చక్కర్ కొట్టినంత అలిసిపోతడు. సాయంత్రం డాబా మీద బంతి ఆట. ఎవరి వంతు ఎప్పుడో గోడ మీద రాసిపెట్టుకున్నం, పరీక్షలున్నా వంతు తప్పదు. ఉడికిన బొక్కలు పెట్టొద్దు, అవి ముక్కలై పేగులకు గుచ్చుకుంటయి.

ఓనర్ చాచా ఒప్పుకున్నడు గని షరతులు పెట్టిండు. ఇంట్ల పెద్దమ్మీ అయిదు పూటల నమాజు చదువుతది, కుక్క నోరు తగిలితే బట్టలు, జాగా మళ్ళ శుభ్రం చేసుకోవాలె. అందుకే మెట్ల మీద తాడు లేకుండ వాన్ని ఎన్నడు దించం, వాని గిన్నె డాబా దాటదు. గల్లీల పిల్లల తల్లిదండ్రులకు భయమున్నది. 2023 ఫిబ్రవరిల అంబర్‌పేటల నాలుగేండ్ల పిల్లగాన్ని వీధికుక్కలు చంపినయి, ఆ భయం ఉట్టిది కాదు. "మా కుక్క ఏమనదు" అని వాదించకుండ, పిల్లలు ఎదురైతే తాడు కురచ చేసి పక్కకు జరుగుతం. ఇప్పుడు వాళ్ళే వాన్ని పేరు పెట్టి పిలుస్తున్నరు.

శానమంది మమ్మల్ని అడిగేది ఇంకొకటున్నది. "చదువు అయిపోతే ఊరికి తీసుకపోయి వదిలేయండి, అడవుల హాయిగ బతుకుతది" అని. బతకదు. సిటీ కుక్కకు అడవి తెల్వదు, ఊరి కుక్కలు రానియ్యవు, చిరుతకు కుక్క సులువుగ దొరుకుతది. టీకాలు లేని కుక్కల నుంచి డిస్టెంపర్ అసొంటి రోగాలు అడవి జంతువులకు అంటుకుంటయి. పెంచిన జంతువును ఆకలిదప్పులకు వదిలేసుడు 1960 జంతు హింస నివారణ చట్టం ప్రకారం నేరం గూడ. అందుకే ఆపా అడిగిన మూడో ప్రశ్నకు కాగితం మీద జవాబు రాసి ముగ్గురం సంతకం పెట్టినం: ముందుగాల ఎవరికి సిటీల ఉద్యోగమొస్తే తూఫాన్ వాళ్ళతోని ఉంటడు. ఎవ్వరికి రాకపోతే ఆపా చేతికే ఇస్తం, ఎక్కడ వదలం.

ఊర్ల మీకు ఇప్పటికే కుక్కలున్నయి కదా, వాటికోసం ఒక మాట. జులై 6 ప్రపంచ జూనోసిస్ దినం. 1885లో అదే రోజు లూయీ పాశ్చర్ ఒక పిల్లగానికి మొదటిసారి రేబిస్ టీకా వేయించిండు. ఆ రోజు పశువుల దవాఖానల్ల కుక్కలకు రేబిస్ టీకా ఉచితంగ వేస్తరు. సెలవులకు పోయినోళ్ళు ఊరి కుక్కలను తీసుకపోండి. కుక్క కరిస్తే పసరు కట్టి కూసోవద్దు. సబ్బుతోని పదిహేను నిమిషాలు పారే నీళ్ళల్ల కడిగి, అదే రోజు సర్కారు దవాఖానకు పోవాలె, ఇచ్చిన సూదులన్ని పూర్తి చేయాలె. రేబిస్ లక్షణాలు కనబడ్డంక మందు లేదు.

ఇగ తెచ్చుకోవాల్నా వద్దా అంటే, ముందు మీ రూముల అందరు కూసోని ఆ మూడు ప్రశ్నలకు జవాబులు రాయండి. మూడోదానికి జవాబు దొరకకపోతే ఆగండి. దొరికితే చిన్న పిల్లను కాదు, రెండుసార్లు వాపస్ వచ్చినోన్ని అడిగి తెచ్చుకోండి.