మంచు పైన... మంచం ఎక్కడ?

లంబసింగిలో కాస్త పొగమంచు కమ్మిందంటేనే కార్లు కట్టుకుని పరిగెడతాం మనం. అలాంటిది మోకాలి లోతు మంచు, కాళ్లకి రెండు పొడవాటి బద్దలు కట్టుకుని వాలులో జర్రున జారడం... ఆ ముచ్చట పిల్లలకే కాదు, పెద్దలకీ ఉంటుంది. దానికోసం స్విట్జర్లాండ్ దాకా వెళ్లక్కర్లేదు. ఉత్తరాఖండ్‌లో, మనవాళ్లు ఏటా వెళ్లే బదరీనాథ్ దారిలోనే ఔలీ ఉంది. స్కీయింగ్‌కి మనదేశంలో పేరున్న చోట్లలో అదొకటి.

అయితే అక్కడికి వెళ్దామనుకునే మధ్యతరగతి కుటుంబాన్ని భయపెట్టేది చలి కాదు, గది అద్దె! మంచు వాలు పక్కనే ఉండే రిసార్టుల ధరలు చూడగానే 'ఇది మనవల్ల అయ్యే పని కాదులే' అనిపిస్తుంది. నిజానికి ఔలీ ఖర్చంతా ఒక్క ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది. రాత్రి పడక ఎక్కడ... కొండ మీదా, కొండ కిందా?

యాత్ర దారే... కానీ చలికాలంలో

చార్‌ధామ్ యాత్ర చేసినవాళ్లకి ఈ దారి కొత్త కాదు. రిషీకేశ్ నుంచి దేవప్రయాగ, రుద్రప్రయాగ, కర్ణప్రయాగ, చమోలీ, పీపల్‌కోటీల మీదుగా జోషీమఠ్ సుమారు 250 కిలోమీటర్లు. కొండదారి కాబట్టి తొమ్మిది, పది గంటలు పడుతుంది. ఆదిశంకరుల జ్యోతిర్మఠం ఉన్న ఊరది. 2024లో దాని పేరును అధికారికంగా జ్యోతిర్మఠ్‌గా మార్చారు. అయినా జనం నోట్లో ఇంకా జోషీమఠే. అక్కడి నుంచి మరో పదిహేను కిలోమీటర్ల వరకూ మెలికల రోడ్డెక్కితే ఔలీ.

బదరీనాథుడి గుడి తలుపులు నవంబరులో మూస్తారు, మళ్లీ ఏప్రిల్ చివర్లోనో మే నెలలోనో తెరుస్తారు. యాత్రికుల కోసం దారిపొడవునా కట్టిన లాడ్జీలూ ధర్మశాలలూ ఆ మధ్యలో బోసిపోతాయి. కొన్ని పూర్తిగా తాళం వేసుకుంటాయి కూడా. ఔలీలో మంచు కురిసే కాలం సరిగ్గా అదే! అంటే కొండమీద సీజను, కొండ కింద అన్‌సీజను. పైన రిసార్టు అద్దె ఆకాశాన్నంటే రోజుల్లోనే కింద యాత్రా లాడ్జీలో గది బేరానికొస్తుంది. తక్కువ ఖర్చులో ఔలీ చూడాలనుకునేవాళ్లు ముందుగా పట్టుకోవాల్సిన కిటుకిదే.

ఆగిన తీగ బండి

ఈ కిటుకు తెలిసినవాళ్లు ఒకప్పుడు హాయిగా జోషీమఠ్‌లో దిగేవారు. పొద్దున్నే నాలుగు కిలోమీటర్ల రోప్‌వే ఎక్కి, నందాదేవి శిఖరాన్ని చూసుకుంటూ ఔలీ చేరి, సాయంత్రం మళ్లీ కిందకి దిగి వచ్చేవారు. 1990లలో మొదలైన ఆ రోప్‌వే 2023 జనవరిలో ఆగిపోయింది. జోషీమఠ్‌లో నేల కుంగి, ఎనిమిది వందలకు పైగా భవనాలు బీటలు వారిన రోజులవి. ముందుజాగ్రత్తగా రోప్‌వేని నిలిపేశారు. ఇప్పటికీ కొన్ని పాత గైడు పుస్తకాల్లో 'జోషీమఠ్‌లో ఉండి రోప్‌వేలో వెళ్లండి' అన్న సలహా కనిపిస్తుంది. దాన్ని నమ్ముకుని గది తీసుకుంటే రోజూ టాక్సీ ఖర్చు మీద పడుతుంది. కాబట్టి ఇప్పుడు గది అద్దెనీ టాక్సీ ఛార్జీనీ విడివిడిగా కాదు, కలిపి చూసుకోవాలి.

కాగితమ్మీద పెట్టి చూద్దాం

నలుగురున్న కుటుంబం, నాలుగు రాత్రులు, మూడు రోజుల మంచు. లెక్క కోసం ధరలు ఇలా అనుకుందాం: పైన నలుగురికి సరిపడే గది రోజుకి 5,000 రూపాయలు, కింద 1,500, పైకి వెళ్లి రావడానికి టాక్సీ 2,500.

నాలుగు రాత్రులూ పైనే ఉంటే గదులకి 20,000, ఒకసారి ఎక్కి దిగడానికి 2,500. మొత్తం 22,500.

నాలుగు రాత్రులూ కిందే ఉంటే గదులకి 6,000, మూడు రోజుల టాక్సీకి 7,500. మొత్తం 13,500. చూడ్డానికి చవకే. కానీ రోజూ పొద్దున పిల్లల్ని తెమిల్చి, టాక్సీ మాట్లాడి, పైకి చేరేసరికి ఎండెక్కుతుంది. సాయంత్రం చీకటి పడకముందే దిగాలన్న తొందర. రాత్రి మంచు బాగా పడితే తెల్లారి రోడ్డు మూసుకుపోవచ్చు. అప్పుడు మంచు చూడ్డానికొచ్చి, మంచువల్లే కింద చిక్కుకుపోతాం!

మూడోది మధ్యేమార్గం. మొదటి రాత్రీ చివరి రాత్రీ కింద, నడుమ రెండు రాత్రులు పైన. గదులకి 13,000, టాక్సీకి 2,500. మొత్తం 15,500. పూర్తిగా కింద ఉన్నదానికంటే రెండు వేలే ఎక్కువ, పూర్తిగా పైన ఉన్నదానికంటే ఏడు వేలు తక్కువ. మంచు మాత్రం మూడు రోజులూ దక్కుతుంది. పైగా మొదటి రాత్రి కాస్త తక్కువ ఎత్తులో పడుకుంటే ఒళ్లు కొండగాలికి అలవాటు పడుతుంది. ఔలీ ఎత్తు 2,500 మీటర్ల నుంచి 3,000 మీటర్ల పైదాకా ఉంటుంది. మైదానాల నుంచి వచ్చినవాళ్లకి తలనొప్పి, ఆయాసం రావడం మామూలే.

మీరు వెళ్లేనాటికి ధరలు మారొచ్చు. లెక్క వేసే పద్ధతి మాత్రం ఇదే.

సర్కారు పడక

పైన ఉండాల్సిన ఆ రెండు రాత్రులకి ముందుగా చూడాల్సింది గఢ్వాల్ మండల్ వికాస్ నిగమ్ వాళ్ల వసతి. ఇది రాష్ట్ర ప్రభుత్వ సంస్థ. మంచు వాలుకి దగ్గర్లోనే గదులతోపాటు డార్మిటరీ కూడా ఉంటుంది. బంధువులో, స్నేహితులో కలిసి వెళ్తే డార్మిటరీ బాగా కలిసొస్తుంది. నెట్‌లో ముందే బుక్ చేసుకోవచ్చు. కాకపోతే సీజన్లో త్వరగా నిండిపోతాయి. అందుకే పైన దొరికిన తేదీల్ని బట్టి కింది గదినీ ప్రయాణాన్నీ ఖాయం చేసుకోవడం మేలు. రైలు టికెట్లు ముందు కొనేసి గది కోసం తర్వాత వెతికితే, చెప్పిన రేటు ఇచ్చుకోక తప్పదు.

మంచు చూసి రావడం కాదు, నిజంగా స్కీయింగ్ నేర్చుకోవాలన్న కోరిక ఉంటే ఇదే నిగమ్ నడిపే ఏడు రోజుల, పధ్నాలుగు రోజుల శిక్షణ కోర్సుల గురించి అడగండి. బసా భోజనం, స్కీలూ బూట్లూ, శిక్షకుడూ అన్నీ ఒకే ఫీజులో వచ్చేలా ఉంటాయవి. గది వేరుగా, సామాను అద్దె వేరుగా, నేర్పేవాళ్లకి వేరుగా గంటలెక్కన ఇచ్చుకునేదానితో పోల్చి చూడండి. ఇంట్లో కాలేజీకెళ్లే పిల్లలుంటే, వాళ్లవరకూ కోర్సులో చేర్చడమే లాభం కావచ్చు.

సంక్రాంతి సెలవులా... కాస్త ఆగండి

మన పిల్లలకి సంక్రాంతికి సెలవులు దొరుకుతాయి. ఔలీలో జనవరి మధ్యలో మంచు ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు. మామూలుగా జనవరి చివరి నుంచి ఫిబ్రవరి అంతా నమ్మకమైన కాలం. అదీ ఈమధ్య గ్యారంటీ లేకుండా పోయింది. 2011లో దక్షిణాసియా శీతాకాల క్రీడలు జరిగిన వాలు ఇది. అయినా 2023 ఫిబ్రవరిలో ఇక్కడ జరగాల్సిన జాతీయ స్కీ పోటీలు మంచు చాలక రద్దయ్యాయి. నీటిని చిమ్మి మంచుగా మార్చే యంత్రాలున్నాయి, వాటికోసం తవ్విన చెరువూ ఉంది. కానీ గాలి గడ్డకట్టేంత చల్లగా లేకపోతే యంత్రాలు మాత్రం ఏం చేస్తాయి!

అందుకే గది తీసుకునేటప్పుడు అద్దెకంటే ముందు అడగాల్సిన మాట 'రద్దు చేసుకుంటే ఎంత తిరిగిస్తారు?' అని. డబ్బంతా ముందే కట్టేస్తే కొద్దిగా తగ్గిస్తామనేవాళ్లుంటారు. మంచు కురవని ఏడాది ఆ తగ్గింపే ఖరీదైన బేరమవుతుంది. కొంత అడ్వాన్సు ఇచ్చి, మిగతాది అక్కడికెళ్లాక ఇచ్చే పద్ధతే మేలు. బయల్దేరే వారం ముందు ఫోన్ చేసి మంచు ఎంత ఉందో, రోడ్డు ఎలా ఉందో కనుక్కోండి.

వారంలో రోజులూ ముఖ్యమే. ఢిల్లీ వైపు జనం శుక్ర, శనివారాల్లో ఎక్కి ఆదివారం దిగిపోతారు. మీరు ఆదివారం సాయంత్రానికి జోషీమఠ్ చేరి, సోమవారం పైకి వెళ్లేలా చూసుకుంటే గది దొరుకుతుంది, బేరమాడే వీలూ ఉంటుంది. క్రిస్మస్, కొత్త సంవత్సరం, రిపబ్లిక్ డే సెలవులైతే వదిలేయడమే మంచిది.

చవక గదిలో అడగాల్సినవి

గది ఫొటోలో కిటికీలోంచి శిఖరాలు కనపడితే సరిపోదు. గీజరుందా, బకెట్ లెక్కన వేడినీళ్లిస్తారా? హీటరు అద్దెలో కలిసిందా, రోజుకింత అని విడిగా తీసుకుంటారా? కరెంటు పోతే జనరేటరు ఎన్ని గంటలు వేస్తారు? గడ్డకట్టే చలికి పైపుల్లో నీళ్లు ఆగిపోతే ఏం చేస్తారు? రజాయిలు మనిషికి ఎన్ని? టాక్సీ గుమ్మం దాకా వస్తుందా, సామాను మోసుకుంటూ మంచులో నడవాలా? 'చవక' అన్న గదిలో హీటరుకీ, వేడినీళ్లకీ, అదనపు పరుపుకీ విడివిడిగా కట్టుకుంటూ పోతే అది ఖరీదైన గదే అవుతుంది.

ఒక్క విషయంలో మాత్రం పొదుపు వద్దు. హీటరు డబ్బులు మిగుల్తాయని బొగ్గుల కుంపటి గదిలో పెట్టుకుని, తలుపులు బిగించుకుని పడుకోకండి. దాన్నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కి వాసనా ఉండదు, రంగూ ఉండదు. నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

భోజనం సంగతీ అడగాలి. పైన హోటళ్లు కొద్ది, ధరలెక్కువ. గదితోపాటు రెండు పూటలా తిండి కలిపి ఇచ్చే చోట పిల్లలున్నవాళ్లకి నిశ్చింత. రోటీ, పప్పు, అన్నం, కూర దొరుకుతాయి. పచ్చళ్లూ పొడులూ మన సంచిలోంచి! జాకెట్లూ మంచు బూట్లూ అక్కడే అద్దెకిస్తారు కాబట్టి కొనక్కర్లేదు.

బీటలు వారిన ఊరు

ఇక జోషీమఠ్‌లో ఉండొచ్చా అన్న ప్రశ్న. పాత కొండచరియలు విరిగిపడిన మట్టీ రాళ్ల కుప్పమీదే ఆ ఊరు వెలసింది. అక్కడ భారీ కట్టడాలు వద్దని ఎం.సి.మిశ్రా నాయకత్వంలోని కమిటీ 1976లోనే చెప్పింది. ఆ మాట ఎవరికీ పట్టలేదు. 2023లో గోడలు చీలాక ఎన్నో కుటుంబాలు ఇళ్లు వదిలి వెళ్లాయి. ఒకదానిమీదొకటి ఒరిగిన రెండు పెద్ద హోటళ్లని కూల్చేయాల్సి వచ్చింది.

అందుకని ఇక్కడ గది వెతికేటప్పుడు ఎన్ని అంతస్తులో కూడా చూడాలి. కొండవాలున ఆరేడంతస్తులు లేచిన హోటలుకంటే, ఒకటి రెండంతస్తుల ఇంట్లో నడిపే హోమ్‌స్టే నయం. ఆ భవనం 2023 సర్వేలో సురక్షితమని తేలిందా అని అడగడానికి మొహమాటపడక్కర్లేదు. ఊళ్లోవాళ్లకి ఆ ప్రశ్న కొత్తేం కాదు. మనసొప్పకపోతే దాదాపు 35 కిలోమీటర్ల ముందే వచ్చే పీపల్‌కోటీలో ఆగొచ్చు. మొదటి రాత్రీ చివరి రాత్రీ అక్కడ, నడుమ రెండు రాత్రులు ఔలీలో... మన లెక్క పెద్దగా చెడదు. టాక్సీ దూరం మాత్రం కాస్త పెరుగుతుంది.

భయంతో ఊరిని పూర్తిగా తప్పించుకుని పోవాలా అంటే అదీ కాదు. యాత్ర ఆరు నెలలు, మంచు రెండు నెలలు... ఆ దారిలో ఎందరికో ఆ రాబడే ఆధారం. రోప్‌వే ఆగాక పైన రిసార్టుకి నేరుగా వెళ్లిపోయే కారు జోషీమఠ్‌లో టీకి కూడా ఆగదు. అన్‌సీజన్లో ఒక చిన్న ఇంట్లో తీసుకున్న గది మన జేబుకి మిగులు, ఆ ఇంటికి చలికాలపు సంపాదన. అద్దె తగ్గించమని అడగండి, తప్పులేదు. వాళ్లు తగ్గించాక మళ్లీ ఇంకో వంద కోసం మాత్రం పట్టుబట్టకండి.