అమ్మీటరు ముల్లు

మా యింట్లో ఆదివారంనాడు అభ్యంగన స్నానం మొదట మోటారు సైకిలుకు జరిగేది. ఆ తరువాతనే మా వంతు. తెల్లవారకముందే నాన్నగారు వేపచెట్టు కింద పాత గోనెపట్టా పరచి, దానిమీద పానాలు, స్క్రూడ్రైవర్లు, కిరసనాయిలు గిన్నె, ఉప్పుకాగితం ముక్క, గుడ్డపేలికలు వరుసగా అమర్చుకునేవారు. అమ్మ ఆ వరుసను చూసి, “దేవుడి గదిలో కూడా ఇంత శుభ్రంగా సర్దరు మీరు” అనేది. నాన్నగారు నవ్వేవారు గాని, చేతిలోని పని ఆపేవారు కాదు.

ఆయన రేపల్లె సమీపంలోని ఒక గ్రామంలో పశువుల ఆసుపత్రి కాంపౌండరు. పెద్ద డాక్టరుగారు వారానికి రెండుసార్లు వచ్చేవారు. మిగిలిన రోజులలో చుట్టుపక్కల ఏడు గ్రామాల గొడ్డూగోదా ఆలనాపాలనా నాన్నగారిదే. కృష్ణా డెల్టాలోని నల్లరేగడి నేల వానాకాలంలో ఎంత మొండిదో అక్కడ తిరిగినవారికే తెలుసు. చక్రానికీ మడ్‌గార్డుకూ నడుమ చేరిన మట్టి బిగిసిపోయి బండిని అంగుళం కదలనీయదు. అటువంటి దారులలో ఆయనను మోసినది 1971 నాటి బుల్లెట్. ఇంగ్లండులో రూపొందిన ఆ వాహనాన్ని మన దేశంలో తయారు చేయడానికి 1955లో మద్రాసులో ఒక సంస్థ ఏర్పడింది. తిరువొత్తియూరులోని ఆ కర్మాగారం నుంచి వచ్చిన బండ్లలో మాది ఒకటి. ఉద్యోగ విరమణ చేసిన ఒక పెద్దమనిషి వద్ద నాన్నగారు 1979లో దానిని కొన్నారు. ఆ డబ్బు కోసం అమ్మ గాజులు తాకట్టుకు వెళ్ళిన సంగతి నాకు చాలాకాలం తెలియదు.

పాత బండిని పోషించడం పాడిగేదెను పోషించడం వంటిదని నాన్నగారు అనేవారు. ఆయన వృత్తినిబట్టి వచ్చిన పోలిక కాబోలు. ముందుగా గొలుసు సంగతి చూసేవారు. నెలకొకసారి చైనును విప్పి, కిరసనాయిలులో కడిగి, ఆరబెట్టి, వేడిచేసిన గ్రీజులో నానబెట్టి తిరిగి ఎక్కించేవారు. నడుమ వేలితో నొక్కితే అంగుళం మేర ఆడాలి. అంతకు మించి బిగించితే బేరింగులు అరుగుతాయి, వదులైతే పళ్ళు జారుతాయి. తరువాత ప్లగ్గును విప్పి వెలుతురులో తిప్పి చూసేవారు. దాని కొన లేత గోధుమరంగులో ఉంటే ఆయన ముఖం వికసించేది. మసిపట్టి నల్లగా ఉంటే పెట్రోలు ఎక్కువగా పోతున్నట్లు, తెల్లగా పాలిపోయి ఉంటే గాలి ఎక్కువై ఇంజను వేడెక్కుతున్నట్లు లెక్క. “పశువు నాలుక చూసినట్లే ఇది కూడా” అనేవారు.

నాకు అన్నిటికంటె ఇష్టమైనది ట్యాపెట్లు సరిచూసే ఘట్టం. ఇంజను పూర్తిగా చల్లారి ఉండగానే ఆ పని చేయాలి. పక్కనున్న చిన్న మూతను పట్టి ఉంచేది ఒకే ఒక్క నట్టు. అది విప్పితే లోపల రెండు సన్నని కడ్డీలు కనిపిస్తాయి. కవాటాలు రెండూ మూసుకుని పిస్టన్ పైకి చేరిన స్థితిలో ఆ కడ్డీలు రెండు వేళ్ళ మధ్య సులువుగా గిరగిర తిరగాలి, కాని పైకీ కిందికీ మాత్రం ఆడకూడదు. దీనికి కొలత లేదు. వేళ్ళకే తెలియాలి. నాన్నగారు నా వేళ్ళను ఆ కడ్డీపై ఉంచి, తన వేళ్ళతో నట్టును వెంట్రుకవాసి జరుపుతూ, “ఇప్పుడు? ఇప్పుడు?” అని అడిగేవారు. నేను చెప్పిన చోట ఆయన ఆపేవారు. ఆ బండికి సంబంధించి నాకు లభించిన మొదటి గౌరవం అది.

అన్నట్టు, ఆ బండి నట్లు బ్రిటిషు కొలతలవి. బజారులో దొరికే మిల్లీమీటర్ల పానా దాదాపుగా సరిపోయినట్లే ఉంటుంది. ఆ ‘దాదాపు’తో బలంగా తిప్పితే నట్టు అంచులు గుండ్రబడి, ఇక ఏ పానాకూ చిక్కదు. మా బండికి నేను చేసిన అటువంటి ఉపకారాలు మూడు నాలుగు ఇప్పటికీ దాని ఒంటిమీద ఉన్నాయి.

బుల్లెట్‌ను స్టార్టు చేయడం ఒక తంతు. హెడ్‌లైటు వెనుక అమ్మీటరు అనే చిన్న గడియారం వంటిది ఉంటుంది. తాళం తిప్పి కిక్ లీవరును మెల్లగా నొక్కుతూ పోతే, బ్రేకర్ పాయింట్లు కలిసి ఉన్నంతసేపు విద్యుత్తు ప్రవహించి ముల్లు ఎడమకు వాలుతుంది. అవి విచ్చుకోగానే మధ్యకు వస్తుంది. అప్పుడు డికంప్రెసరు మీటను పట్టి, లీవరును మరికొంత దించి, మీట వదిలి, ఒక్క తన్ను తన్నాలి. అయితే ముల్లు మధ్యకు రావడమంటే పాయింట్లు విచ్చుకున్నాయని మాత్రమే అర్థం. పిస్టన్ సరైన చోటికి చేరిందని అర్థం కాదు. ఆ రెండింటినీ ఏకం చేసేది పాయింట్ల నడుమ ఉంచే సందు. అది అంగుళంలో వెయ్యింట పదిహేను వంతులు ఉండాలి. మెకానిక్కుల భాషలో పదిహేను ‘థౌ’. సందు పెరిగితే పాయింట్లు ముందుగా విచ్చుకుంటాయి, నిప్పురవ్వ ముందుగా పుడుతుంది. పైకి వస్తున్న పిస్టన్‌ను ఆ మంట వెనుకకు తోస్తుంది. ఆ తోపు కిక్ లీవరు మీదుగా తన్నేవాని కాలికి చేరుతుంది.

ఇదంతా నాకు 1983 ఆగస్టు నాటికి తెలియదు. తెలుసునని మాత్రం అనుకునేవాడిని. ఇంటర్మీడియట్ మొదటి సంవత్సరంలో చేరి, భౌతికశాస్త్రంలో ప్రేరణ తీగచుట్ట గురించి చదివిన ఉత్సాహంలో, ఒక శనివారం సాయంత్రం నాన్నగారు ఇంట్లో లేనపుడు డిస్ట్రిబ్యూటరు మూత తెరిచాను. పాయింట్లను ఉప్పుకాగితంతో రుద్ది మెరిపించాను. సందును కొలిచే ఫీలర్ గేజి ఆయన సంచిలో ఉన్నది. వచ్చేదాకా ఆగలేక, కంటికి సరిపోయినట్లు తోచిన మేరకు బిగించి మూత పెట్టేశాను. ఆదివారం ఉదయం ఆయనను ఆశ్చర్యపరచాలని నా కోరిక.

కాని ఆదివారం తెల్లవారుజామునే ఎవరో పిలవగా ఆయన హడావిడిగా బయలుదేరారు. చెప్పులతోనే తన్నారు. తుపాకి పేలినట్లు ఒక్క శబ్దం వచ్చింది. లీవరు ఎదురు తిరిగి ఆయన చీలమండను కొట్టింది. ఎముక చిట్లిందని గుంటూరులో చెప్పి, ఆరు వారాలకు పిండికట్టు వేశారు.

చూడవచ్చిన వారందరూ బండినే నిందించారు. “ముసలి బండి, అమ్మేయండి” అన్నారు. అమ్మ కూడా ఆ మాటే అన్నది. నేను తల వంచుకుని విన్నాను. అబద్ధమాడలేదు గాని, నిజమూ చెప్పలేదు.

అయిదవనాటి రాత్రి పొరుగూరి రైతు ఒకరు ఎడ్లబండి తోలుకుని వచ్చాడు. “డాక్టరుగారూ, గేదె ఈనలేక అల్లాడిపోతోందండీ. మీరు రాలేరని తెలిసీ వచ్చానండీ” అని గుమ్మంలో నిలబడ్డాడు. నాన్నగారు కట్టుకాలితోనే బండి ఎక్కారు. మందుల సంచి పట్టుకుని నేను వెంట వెళ్ళాను. బుల్లెట్ మీద పావుగంట దారి, ఆ బురదలో ఎడ్లకు రెండు గంటలు పట్టింది. లాంతరు వెలుగులో, గడ్డిమోపుమీద కూర్చుని, నాన్నగారు చేయగలిగినదంతా చేశారు. గేదె బ్రతికింది. దూడ దక్కలేదు. రైతు ఒక్క మాట అనలేదు. పైగా మాకు కాఫీ ఇచ్చి, నాన్నగారి కాలికింద తలగడ సర్దాడు.

తిరుగు ప్రయాణంలో తూరుపు తెల్లవారుతుండగా, జరిగినది చెప్పాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, “సందు ఎంత పెట్టావు?” అని అడిగారు.

“తెలియదు నాన్నగారూ. కంటితో చూశాను.”

ఇంటికి చేరగానే కుర్చీ వేపచెట్టు కిందికి వేయించుకుని నా చేత మూత విప్పించారు. గేజిలోని రేకులను ఒక్కొక్కటే దూర్చి చూపించారు. ఇరవై ఎనిమిదిదాకా దూరాయి. నా చేత పదిహేనుకు సరిచేయించారు. మళ్ళీ చెడగొట్టించి మళ్ళీ సరిచేయించారు. అలా అయిదుసార్లు. ఆనాడు ఆయన నన్ను తిట్టి ఉంటే నాకు తేలికగా ఉండేది.

బండికి చేసిన ప్రతి పనిని తేదీతో సహా రాసుకునే నోటుపుస్తకం ఒకటి ఆయనకు ఉండేది. ఇప్పుడది నా వద్ద ఉన్నది. ఆనాటి పుటలో రెండే ముక్కలు: “పాయింట్ల సందు 28. సరిచేసి 15.” ఎవరు చేశారో లేదు. కాలి ప్రస్తావన లేదు. దూడ ప్రస్తావనా లేదు.

బండి కూడా నా వద్దనే ఉన్నది. కొత్త వాహనాలకు బ్రేకర్ పాయింట్లు లేవు. 2020లో వచ్చిన భారత్ స్టేజ్-6 నిబంధనలతో వాటినుంచి కార్బురేటర్లు కూడా దాదాపుగా తొలగిపోయాయి. పెట్రోలులో కలిసే ఇథనాల్ 2025 నాటికి ఇరవై శాతానికి చేరింది. అది నీటిని పీల్చుకుంటుంది, పాత రబ్బరు భాగాలను ఉబ్బిస్తుంది. అందుచేత బండిని చాలా రోజులు కదపకుండా ఉంచవలసి వస్తే కార్బురేటరులోని పెట్రోలును తీసివేస్తున్నాను. నాన్నగారి పుస్తకంలో లేని పని ఇదొక్కటే.

మొన్నటి ఆదివారం మా అమ్మాయి డిస్ట్రిబ్యూటరు మూత తెరిచింది. నోటుపుస్తకంలోని ఆ పాత పుటను చూసి, “ఇరవై ఎనిమిదా! ఎవరు పెట్టారు నాన్నా?” అని అడిగింది. చెప్పాను. ఆమె ఇంకేమీ అడగలేదు. గేజి రేకును పాయింట్ల నడుమ ఉంచి, రెండుసార్లు ఇటూ అటూ లాగి చూసి, “పదిహేను” అన్నది.

నేను గేజి తీసుకుని మళ్ళీ ఒకసారి చూశాను.