పసులకాపరి వేషం

కళను గురించి చర్చించే ఈ పుటలలో సొంత సంగతి ఒకటి చెబుతున్నందుకు పాఠకులు మన్నించాలి.

మొన్న మా కళాశాలలో విద్యార్థులు వార్షికోత్సవానికి ఒక పాట సాధన చేస్తున్నారు. పసులకాపరి పిల్లవాణ్ణి గురించి సుద్దాల హనుమంతు రాసిన పాట అది. 1979 నాటి ‘మాభూమి’ చిత్రంతో ఎందరికో తెలిసింది. పక్కగదిలో పాఠం చెబుతున్న నేను సగంలో ఆగిపోయాను. పాతికేళ్ళ కిందట భైంసాలో ఆ పిల్లవాని వేషం కట్టినవాణ్ణి నేను.

2000 సంవత్సరం, ఆగస్టు 15. నేను అయిదవ తరగతి. భైంసా అప్పుడు ఆదిలాబాదు జిల్లాలో ఉండేది. నిర్మల్ జిల్లాలోకి వచ్చింది 2016లో. ఆడపిల్లలు పాడాలి, నేను గొంగడి కప్పుకొని, కర్ర పట్టుకొని అభినయించాలి. మా ఇంట గొంగడి లేదు. మా వాడలో ఒక పటేలు దగ్గర జీతమున్న పిల్లవాణ్ణి అడిగి తెచ్చుకున్నాను. వాడిదీ నా వయస్సే. రెండవ తరగతితో బడి మానేశాడు.

పాట నడుమ నేను వెక్కివెక్కి ఏడ్చాను. పంతులుగారు నేర్పిన ఏడుపు అది. ముందువరుసలోని పెద్దలు కళ్ళు తుడుచుకున్నారు. నాకు స్టీలు గ్లాసు బహుమతి ఇచ్చారు.

బడిగోడ అవతల ఎడ్లను నిలిపి వాడు కూడా చూశాడట. సాయంత్రం గొంగడి తిరిగి ఇస్తుంటే అడిగాడు:

“ఎందుకేడ్సినవ్‌రా?”

“పసులు కాసుడు కష్టం గదా!”

“ఏడ్సుకుంట కూసుంటె ఎడ్లు జొన్నచేన్ల పడ్తయి. పటేలు ఊకుంటడా?”

ఎం.ఏ. చదివిన తర్వాత కూడా చాలాకాలానికి గాని ఆ మాటలోని విమర్శ నాకు అందలేదు. హనుమంతు తెలంగాణ రైతాంగ పోరాటంలో పాటతో నిలిచిన కవి. ఆ పాటలో పిల్లవాణ్ణి పలకరించడమే పనిలో ఆరితేరినవానిగా పలకరిస్తాడు. ఆ తర్వాతనే వాడి కష్టాన్ని గురించి అడుగుతాడు. మేము ఆ గౌరవాన్ని వదిలేసి కన్నీటిని మాత్రం తీసుకున్నాం. కన్నీరు ఎవరికీ నష్టం కలిగించదు. ఆనాడు కళ్ళు తుడుచుకున్న పెద్దలలో ఆ పటేలు కూడా ఉన్నాడు. మరునాడు పొద్దున వాడు యథాప్రకారం ఎడ్లను తోలుకుపోయాడు.

1986 నాటి బాలకార్మిక చట్టం కొన్ని పనులనే నిషేధించింది. పసులు కాయడం ఆ జాబితాలో లేదు. 14 ఏళ్ళలోపు పిల్లలను ఏ పనిలోనూ పెట్టుకోరాదన్న సవరణ 2016లో గాని రాలేదు. అందులోనైనా బడివేళలు కాని సమయంలో కుటుంబపు పనులకు మినహాయింపు ఉంచారు. కనుక ఆ పాటకు కాలం చెల్లిందని అనలేము.

కాని చట్టాన్ని మాత్రమే తప్పుపట్టి తప్పించుకోలేను. నా కంటె బాగా ఆ పాత్ర ఎరిగినవాడు గోడ అవతల ఉన్నాడు. వాణ్ణి లోపలికి పిలవాలని మాలో ఎవరికీ తోచలేదు. వాడి గొంగడి కప్పుకొన్న నాకు కూడా తోచలేదు.

పాఠం ముగించి సాధన చూడబోయాను. వేషం కట్టిన విద్యార్థి నన్ను చూసి, “సార్, ఎక్కడ ఏడవాలి?” అన్నాడు.

“ఏడవకు. నీ చూపు ఎడ్ల మీద ఉండాలి” అన్నాను.