పాలసీ కాగితం తెలుగులో అడగండి

అనకాపల్లి బెల్లం మార్కెట్లో దిమ్మలు మోసేవాళ్లలో, గవరపాలెం కిరాణా కొట్లవాళ్లలో ఆరోగ్య బీమా కడుతున్నవాళ్లున్నారు. కాగితాలు మాత్రం ఇంగ్లీషులో. డిడక్టిబుల్, కో-పే, వెయిటింగ్ పీరియడ్... ఇవి ఆసుపత్రి బిల్లు కౌంటర్ దగ్గర నేర్చుకోవాల్సిన మాటలు కావు. కో-పే 20 శాతం అని ఉంటే, లక్ష రూపాయల క్లెయిములో ఇరవై వేలు మనమే కట్టుకోవాలి. వెయిటింగ్ పీరియడ్ పేరుతో, ముందునుంచీ ఉన్న షుగరు, బీపీలకు మూడేళ్ల దాకా కవరేజీ ఇవ్వకుండా ఆపొచ్చు.

2024 జనవరి 1 నుంచి, పాలసీ ముఖ్య వివరాల పత్రాన్ని మనం కోరితే మన భాషలో ఇవ్వాలన్నది బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ నిబంధన. అడగండి, మొహమాటపడకండి. కొత్త పాలసీ చేతికొచ్చాక నచ్చకపోతే 30 రోజుల్లో వెనక్కిచ్చేయొచ్చు కూడా.

ఇంట్లో అమ్మానాన్నల పేరున పాలసీ ఉంటే, ఈ ఆదివారం బీరువాలోంచి తీసి కో-పే ఎంతుందో చూడండి.