సుపేలాకు కావలసిన డాక్టరేట్

2018 ఆగస్టులో భిలాయి డెంగీతో అల్లాడింది. రైలు పట్టాలకు ఒకవైపు ఉక్కు కర్మాగారం నిర్వహించే సెక్టార్లు. మరోవైపు నగరపాలక సంస్థ పరిధిలోని సుపేలా. కూలర్ నీటిలో పుట్టిన దోమకు ఈ పరిధులు తెలియవు. రోగికి చికిత్స చేసే వైద్యులు సుపేలాలోని లాల్ బహదూర్ శాస్త్రి ప్రభుత్వ ఆసుపత్రిలో ఉన్నారు. కానీ కర్మాగారం, నగరపాలక సంస్థ, జిల్లా యంత్రాంగం మూడింటినీ ఒకే పనికి కూడగట్టగల నిపుణుడెవరు?

ప్రజారోగ్యంలో వృత్తిపరమైన డాక్టరేట్ తయారుచేయవలసింది అటువంటి వారినే. పీహెచ్‌డీ కొత్త జ్ఞానాన్ని అన్వేషిస్తుంది. ఇది తెలిసిన జ్ఞానాన్ని పాలనలో అమలుపరచడం నేర్పుతుంది. కాలిఫోర్నియాలో 1960 నాటి ప్రణాళిక డాక్టరేట్లను ప్రధానంగా ఒక్క విశ్వవిద్యాలయ వ్యవస్థకే అప్పగించింది. సామాన్య కుటుంబాల పిల్లలు ఎక్కువగా చదివే స్టేట్ యూనివర్సిటీలకు ప్రజారోగ్య డాక్టరేట్ ఇచ్చే అధికారం ఇటీవలి చట్టంతోనే దక్కింది.

మన దేశంలో ఆ తాళంచెవి ఢిల్లీలో ఉంది. యూజీసీ చట్టం, 1956లోని 22వ సెక్షన్ ప్రకారం కమిషన్ నిర్దేశించిన డిగ్రీలనే విశ్వవిద్యాలయాలు ప్రదానం చేయాలి. ఈ డాక్టరేట్ పేరుమోసిన కొన్ని సంస్థల సొత్తు కాకూడదు; రాయ్‌పూర్‌లోని ఆయుష్ విశ్వవిద్యాలయం వంటి ప్రభుత్వ సంస్థలకూ అందాలి. విద్యార్థి పరిశోధనాంశం సుపేలా మురుగుకాలువ కావాలి.

అయితే అధికారం ఒక్కటే చాలదు. ప్రతి రాష్ట్రంలోనూ ప్రజారోగ్య నిర్వహణ క్యాడర్ ఉండాలని 2017 జాతీయ ఆరోగ్య విధానం చెప్పింది. 1939లోనే ప్రజారోగ్య చట్టం తెచ్చుకున్న తమిళనాడుకు ఇప్పటికే ప్రత్యేక క్యాడర్ ఉంది. తక్కిన రాష్ట్రాలు ఆ కొలువులు సృష్టించకుండా డిగ్రీలు పంచితే, అవి గోడకు అలంకారమవుతాయి. సుపేలా కూలర్లలో నీరు మాత్రం అలాగే నిలిచి ఉంటుంది.