తాతయ్య నాటు తుపాకీ

మొన్న మావాణ్ణి పాతబస్తీ సాలార్‌జంగ్ మ్యూజియానికి తీసుకెళ్ళా. ఆయుధాల గదిలో పాత తుపాకులు కనపడగానే తాతయ్య వేట కథ మొదలెట్టాను. గొట్టంలో తుపాకీమందు పోసి, గుడ్డపీలిక కూరి, సీసం కరిగించి ఇంట్లోనే చేసుకున్న గుండు దట్టించేవాడట. ఒక్కటే దెబ్బ! గురి తప్పితే మళ్ళీ మొదట్నుంచీ... ఈలోగా జింక మాయం.

"అంటే జింకకీ ఛాన్సుండేదిరా" అన్నా గొప్పగా.

"మరి తగిలిన జింకకి?" అన్నాడు వాడు.

గాయంతో పారిపోయి ఏ పొదలోనో చచ్చినవాటి సంగతి తాతయ్య చెప్పలేదు, నేనూ అడగలేదు. 1972లో వన్యప్రాణి చట్టం వచ్చినా నాటు తుపాకులు పూర్తిగా అటకెక్కలేదు. ఒకప్పటి నిజాం వేటస్థలమే ఇప్పుడు కృష్ణజింకలుండే హరిణ వనస్థలి. వచ్చే ఆదివారం అక్కడికే ప్రయాణం. ఈసారి కథ పూర్తిగా చెప్పాలి.